పొత్తు కుదిరితే కరెంటు ఆదా

మే నెల మధ్యాహ్నం కాలనీలో కరెంటు పోతుంది. గంట తరువాత వస్తుంది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ పోతుంది. ఈసారి కోత కాదు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు కాలిపోయింది. తెలుగు ఊళ్లలో వేసవి గడిపినవాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువ. దీని వెనక ఉన్న కారణం తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

మామూలు రోజున ఒక వీధిలోని ఫ్రిజ్‌లన్నీ, ఏసీలన్నీ ఒకేసారి పూర్తి బలంతో నడవవు. ఒక ఇంట్లో ఫ్రిజ్ చల్లబడి కంప్రెసర్ ఆగిన సమయానికి పక్కింట్లో మొదలవుతుంది. ఒక గది చల్లబడేసరికి ఇంకో గది వేడెక్కుతుంది. ఎవరూ ఏర్పాటు చేయకపోయినా లోడు అలా సర్దుకుపోతూ ఉంటుంది. ఇన్ని ఇళ్లకు ఇంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోవడానికి ఆ సర్దుబాటే కారణం. గంటసేపు కరెంటు లేకపోతే అది కాస్తా చెదిరిపోతుంది. గదులన్నీ, ఫ్రిజ్‌లన్నీ ఒకే తీరున వేడెక్కి ఉంటాయి. సరఫరా రాగానే ప్రతి కంప్రెసరూ ఒకేసారి పని మొదలుపెట్టబోతుంది. పైగా మామూలు మోటారు తిరగడం మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటికంటే అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. విద్యుత్ ఇంజనీర్లు దీన్ని కోల్డ్ లోడ్ పికప్ అంటారు. స్టెబిలైజర్లలో కరెంటు వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి కలిపే ఏర్పాటు కంప్రెసర్‌ను కాపాడేందుకు పెట్టిందే. ఇళ్లలో ఆ ఆలస్యాలు తలా ఒకలా ఉంటే వీధికీ మేలే జరుగుతుంది.

పరికరాలు అవే, వాటి స్టార్ రేటింగులూ అవే. వాటి మధ్య వరుస తప్పినందుకే ఫ్యూజు కాలిపోయింది. ఇంటి కరెంటు గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఒక్కో పరికరాన్నీ విడిగా చూస్తాం. అయిదు స్టార్ల ఫ్రిజ్ కొన్నామా, ఎల్ఈడీ బల్బు పెట్టామా అనే అడుగుతాం. అవి అవసరమే, కానీ చాలవు. ఇంట్లో ఎంత కరెంటు ఖర్చవుతుందో నిర్ణయించే వాటిలో పరికరాల మధ్య పొత్తు కూడా ఒకటి. ఆ పొత్తుకు మూడు ముఖాలున్నాయి: వరుస, వేడి, వేళ.

యూనిట్లు వేరు, లోడు వేరు

ముందుగా ఒక తేడా స్పష్టం కావాలి. 1000 వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. అది మనం వాడిన శక్తి. ఒక క్షణాన ఇల్లంతా కలిసి ఎన్ని వాట్లు లాగుతోందన్నది లోడు. బిల్లులో ముఖ్యంగా కనిపించేవి యూనిట్లు. తీగలూ, ట్రాన్స్‌ఫార్మర్లూ, విద్యుత్ కేంద్రాలూ మోయవలసింది లోడును.

గీజర్‌నే తీసుకోండి. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 0.61 యూనిట్ కావాలి. 2000 వాట్ల గీజర్ ఆ పనిని 18 నిమిషాల్లో ముగిస్తుంది. ఆ 18 నిమిషాలూ ఇంటి మీద లోడు చాలా ఎక్కువ, ఖర్చయిన శక్తి మాత్రం ముప్పాతిక యూనిట్ కూడా లేదు. అదే టీవీ కింద కూర్చున్న సెట్‌టాప్ బాక్సు పది వాట్లే తీసుకుంటుందనుకుందాం. నెలంతా ఆపకుండా ఉంచితే 7 యూనిట్లు దాటుతుంది. లోడు లెక్కలో దాని ఉనికే తెలియదు, యూనిట్ల లెక్కలో మాత్రం పది పన్నెండుసార్లు గీజర్ వేసిన దానితో సమానం. ఇలా పని లేనప్పుడు కూడా పరికరాలు లాక్కునే కరెంటును ఒక్క వాట్‌కు మించనివ్వకూడదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే ప్రతిపాదించింది.

కాబట్టి పరికరాలను సమన్వయం చేస్తున్నామంటే దేన్ని తగ్గిస్తున్నామో తెలిసి చేయాలి. కొన్ని పద్ధతులు యూనిట్లను తగ్గిస్తాయి. కొన్ని లోడును తగ్గిస్తాయి. మరికొన్ని ఈ రెండింటినీ అలాగే ఉంచి, ఆ కరెంటు బొగ్గు నుంచి రావాలా ఎండ నుంచి రావాలా అన్నదాన్ని మారుస్తాయి.

వరుస

పొద్దున ఏడు గంటల వేళ ఒక మధ్యతరగతి ఇల్లు చూడండి. గీజర్ 2000 వాట్లు, ఇండక్షన్ పొయ్యి 1800, ఇస్త్రీపెట్టె 1000, ట్యాంకుకు నీళ్లెక్కించే ఒక హార్స్‌పవర్ మోటారు ఇంచుమించు మరో 1000, మిక్సీ 700. అన్నీ ఒకేసారి నడిస్తే 6500 వాట్లు. 230 ఓల్టుల దగ్గర అది 28 ఆంపియర్లు. అవే పనులు ఒకదాని వెనక ఒకటి జరిగితే ఏ క్షణంలోనూ 9 ఆంపియర్లు దాటదు. యూనిట్లు మాత్రం రెండు విధాలా అవే కదా, లాభమేమిటి?

లాభం తీగల్లో ఉంది. తీగలో వేడి రూపంలో వృథా అయ్యే శక్తి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. కరెంటు రెట్టింపయితే నష్టం నాలుగింతలు. సమానమైన రెండు పరికరాలను గంటసేపు కలిపి నడిపితే తీగల్లో నష్టం నాలుగు పాళ్లు అనుకుంటే, వాటినే విడివిడిగా గంట చొప్పున నడిపితే మొత్తం నష్టం రెండు పాళ్లే. పని అంతే జరిగింది, తీగ నష్టం సగమైంది. ఇంటి లోపలి తీగల్లో ఈ మిగులు కొద్దిపాటిదే. స్తంభం నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా, అక్కడి నుంచి సబ్‌స్టేషన్ దాకా ప్రతి మెట్టులోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది కనుక వేల ఇళ్ల దగ్గర అది పెద్ద లెక్క అవుతుంది. లైను చివరి ఇళ్లలో ఓల్టేజీ పడిపోయి ఫ్యాను నీరసంగా తిరగడానికి కారణం కూడా ఒకే వేళలో అందరూ లాగే ఈ కరెంటే.

మన చెరువుల కింద నీటిని పంచిన పద్ధతిలో ఈ ఆలోచన ఎప్పటినుంచో ఉంది. తూము ఎత్తే నీరటి ఆయకట్టు రైతులందరికీ ఒకే గంటలో నీళ్లు వదలడు. ఎవరి మడి ఎండుతోందో, ఎవరిది ఇంకో పూట ఆగగలదో చూసి వంతులు వేస్తాడు. కాలువ చిన్నదైనా పొలాలన్నీ తడుస్తాయి. ఇంటి పరికరాలను నడిపే ఆధునిక నియంత్రణ యంత్రాలు చేసే పని సరిగ్గా ఇదే. ఏ పరికరం ఆగగలదు, ఏది ఆగలేదు అన్నదే అవి అడిగే మొదటి ప్రశ్న. మిక్సీ ఆగలేదు, చట్నీ ఇప్పుడే కావాలి. దీపం ఆగలేదు. ఫ్రిజ్ పది నిమిషాలు ఆగగలదు, లోపలి చల్లదనం అంతలో తరగదు. గీజర్ ఆగగలదు, వేడినీళ్లు ట్యాంకులో నిలవ ఉంటాయి. నీళ్ల మోటారైతే సాయంత్రం దాకా కూడా ఆగుతుంది. చల్లదనాన్నో, వేడినో, నీటినో తనలో దాచుకోగల పరికరమే ఆగగల పరికరం.

వేడి

యూనిట్లు నిజంగా తగ్గేది ఇక్కడ. ఇంట్లో మనం వాడే విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. టీవీ 100 వాట్లు తీసుకుంటే గదిలోకి 100 వాట్ల వేడి వస్తుంది. గదిలో ఏసీ లేకపోతే అది ఉక్కపోత మాత్రమే. ఏసీ ఉంటే ఆ వేడిని బయటికి తోడటానికి మళ్లీ కరెంటు కావాలి. మంచి ఏసీ ఒక పాలు విద్యుత్తుతో మూడు నాలుగు పాళ్ల వేడిని బయటికి తోడుతుంది. అంటే ఆ టీవీ అసలు ఖరీదు 100 వాట్లు కాదు, 125 నుంచి 133 వాట్ల దాకా. ఏసీ గదిలోనే ఫ్రిజ్ పెట్టిన ఇళ్లలో ఒక యంత్రం విడిచిన వేడిని మరో యంత్రం రాత్రింబవళ్లు మోస్తూ ఉంటుంది.

ఆవిరి ఇంకా బరువైన లెక్క. లీటరు నీరు ఆవిరైతే అందులో దాదాపు 0.63 యూనిట్ వేడి దాగి ఉంటుంది. వంటింటి తలుపు తెరిచి ఉండి ఆ ఆవిరి హాలులోకి వస్తే ఏసీ దాన్ని మళ్లీ నీరుగా మార్చి, ఆ వేడినంతా బయటికి పంపాలి. వానాకాలంలో అపార్ట్‌మెంటు వాసులు తడి బట్టలను ఏసీ గదిలో ఆరేసినా జరిగేది ఇదే. పిండిన బట్టల్లో కూడా లీటరో రెండు లీటర్లో నీరు ఉంటుంది. వంట సాగినంతసేపు తలుపు మూసి, వంటింటి కిటికీ కొద్దిగా తీసి, నలభై వాట్ల ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే ఆవిరి ఏసీ దాకా రాదు. తలుపు తెరిచి ఉంచి ఎగ్జాస్ట్ వేస్తే మాత్రం అది ఏసీ చల్లబరిచిన గాలినే బయటికి లాగేస్తుంది. ఒకే ఫ్యాను ఒక తలుపు తేడాతో మేలు చేస్తుంది, లేదా కీడు చేస్తుంది.

ఏసీకి అసలైన జోడీ సీలింగ్ ఫ్యాను. ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. చర్మం మీది చెమటను త్వరగా ఆరబెట్టి, గది రెండు మూడు డిగ్రీలు తక్కువగా ఉన్నట్లు అనిపింపజేస్తుంది. అందుకే మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాను పూర్తిగా వృథా, ఏసీ నడిచే గదిలో మెల్లగా తిరిగే ఫ్యాను పెద్ద ఆదా. ఏసీ ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 2020 జనవరి నుంచి దేశంలో స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన వెనక ఉన్న లెక్క ఇదే.

దీన్ని అంకెల్లో చూద్దాం. ఒక రాత్రి ఎనిమిది గంటల్లో ఏసీకి 6 యూనిట్లు అయ్యాయనుకుందాం. 24 బదులు 27 డిగ్రీలు పెడితే 18 శాతం, అంటే యూనిట్ పైచిలుకు తగ్గుతుంది. తోడుగా తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను వేస్తే దాని ఖర్చు 0.24 యూనిట్. నికరంగా ముప్పాతిక యూనిట్ కంటే ఎక్కువే మిగిలింది. నెలకు దాదాపు పాతిక యూనిట్లు. ఫ్యాను 75 వాట్ల పాతరకమైతే రాత్రికి అదే 0.6 యూనిట్ తింటుంది, నెల ఆదా పద్నాలుగు యూనిట్ల దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ ఫ్యాను మార్చడం వల్ల వచ్చే లాభం ఫ్యానుతో ఆగదు. అది ఏసీ చేత తక్కువ పని చేయిస్తుంది.

ఇల్లు కూడా ఈ లెక్కలో ఒక భాగస్వామే. డాబా ఇంటి శ్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రి పది దాటినా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. చీకటి పడ్డాక బయటి గాలి లోపలికంటే చల్లబడితే, ముందు కిటికీలు తీసి అరగంట ఫ్యాను వేసి, గదిలో నిలిచిన వేడిని పంపించి, ఆ తరువాతే ఏసీ వేయాలి. ఎండ వేడిని తిప్పికొట్టే తెల్లటి పూతలను ప్రోత్సహిస్తూ తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. పైకప్పు తక్కువ వేడి తాగితే గదిలోని ఏసీ, ఫ్యాను రెండింటి పనీ తేలికవుతుంది.

గీజర్ విషయంలో ఒక అపోహ ప్రచారంలో ఉంది: మాటిమాటికీ ఆపి మళ్లీ వేయడం కంటే రోజంతా ఆన్‌లో ఉంచడమే లాభమని. భౌతికశాస్త్రం దీన్ని ఒప్పుకోదు. ట్యాంకు ఎంత వేడిగా, ఎంతసేపు ఉంటే అంత వేడి గోడల గుండా కారిపోతుంది. చల్లబడుతున్న ట్యాంకు పోగొట్టుకునే వేడి ఎప్పుడూ వేడిగా ఉంచిన ట్యాంకు కంటే తక్కువే. నలుగురూ వెంటవెంటనే స్నానాలు ముగించేలా చూసుకుని, మొదటి మనిషికి ఇరవై నిమిషాల ముందు గీజర్ వేసి, ఆఖరి మనిషికి ముందే ఆపేయడం సరైన పద్ధతి. 40 డిగ్రీల నీళ్లు మనిషికి ఒక 15 లీటర్ల బకెట్ చొప్పున నలుగురికీ కలిపి యూనిట్ కంటే కాస్త ఎక్కువ చాలు. అంతకు మించి అయ్యేదంతా నష్టమే.

వేళ

ఒక యూనిట్ కరెంటు మధ్యాహ్నం ఒంటిగంటకు వాడినా, రాత్రి ఎనిమిదింటికి వాడినా మామూలు మీటరుకు తేడా లేదు. దేశమంతటా విద్యుత్తును మోసే గ్రిడ్డుకు చాలా తేడా ఉంది. విద్యుత్తును పెద్ద ఎత్తున నిలవ చేయడం ఖరీదైన పని. ఏ క్షణం వాడకానికి ఆ క్షణమే ఉత్పత్తి జరగాలి. 2024 మే 30న దేశంలో గరిష్ఠ డిమాండు 250 గిగావాట్లకు చేరింది. పగటిపూట అలాంటి డిమాండును మోయడంలో సౌర విద్యుత్తు పెద్ద చేయి వేస్తుంది. కర్నూలు దగ్గరి 1000 మెగావాట్ల సౌర పార్కు వంటివి అందుకే ఉన్నాయి. సూర్యుడు దిగిపోయాక సౌర విద్యుత్తు సున్నాకు వస్తుంది. సరిగ్గా అప్పుడే జనం ఇళ్లకు చేరి దీపాలు, ఏసీలు, పొయ్యిలు వెలిగిస్తారు. కొద్ది గంటల్లో ఉత్పత్తిని నిటారుగా పెంచవలసి వస్తుంది. కాలిఫోర్నియాలో 2013లో గీసిన రేఖాచిత్రం ఒకటి ఈ మధ్యాహ్నపు గుంతనూ, సాయంత్రపు ఎగుడునూ చూపి బాతు ఆకారంలో ఉన్నందుకు డక్ కర్వ్‌గా ప్రసిద్ధికెక్కింది.

ఈ అంతరాన్ని పూడ్చే మార్గాల్లో ఒకటి తెలుగు నేల మీదే ఉంది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని ఎనిమిది యంత్రాల్లో ఏడు, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఆరు యంత్రాలు వెనక్కి కూడా తిరిగేలా కట్టినవి. కరెంటు మిగిలినప్పుడు కింది నీటిని పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి విద్యుత్తు చేయగలవు.

ఇంకో మార్గం ప్రతి ఇంట్లో ఉంది: వాడకాన్నే జరపడం. మధ్యాహ్నం పన్నెండింటికి నడిచిన నీళ్ల మోటారు నింపిన ట్యాంకు రాత్రికి పనికొస్తుంది. వాషింగ్ మెషీన్ పగలు తిరిగితే బట్టలు ఎండలోనే ఆరుతాయి. దోసెపిండి గ్రైండర్‌కూ, ఇస్త్రీపెట్టెకూ సాయంత్రమే కావాలన్న పట్టింపు లేదు. పది లక్షల ఇళ్లు ఒక్కొక్కటి ఒక కిలోవాట్ లోడును రాత్రి ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నానికి జరిపితే సాయంత్రపు భారం 1000 మెగావాట్లు తగ్గుతుంది. విశాఖ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యంలో అది సగం.

ఇంటి మీద సౌర పలకలున్నవాళ్లకు ఇది మరింత దగ్గరి విషయం. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. పలకల కరెంటును బిల్లులో సర్దే నెట్ మీటరింగ్ ఉన్నవాళ్లకు ఏ వేళ వాడినా బిల్లులో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. కానీ ఒకే వీధిలో చాలా ఇళ్ల పలకలు మధ్యాహ్నం ఒకేసారి కరెంటును బయటికి తోస్తే అక్కడి ఓల్టేజీ పెరిగి సోలార్ ఇన్వర్టర్లు తమంతట తామే ఆగిపోవచ్చు. ఆ సమయానికి ఇంట్లో మోటారూ, వాషింగ్ మెషీనూ నడుస్తుంటే కరెంటు అక్కడికక్కడే ఖర్చయి, పలకలు ఆగకుండా పనిచేస్తాయి.

గ్రిడ్డు నాడిని వినే యంత్రాలు

ఇన్ని వేళలు, వంతులు మనిషి గుర్తుపెట్టుకోవడం కష్టం. యంత్రాలకే ఆ పని అప్పగించాలన్న ఆలోచన కొత్తది కాదు. ఫ్రాన్సులో 1960ల నుంచి తక్కువ ధర వేళల ఏర్పాటు ఉంది. విద్యుత్ సంస్థ తీగల గుండానే 175 హెర్ట్జ్ సంకేతం పంపితే లక్షల ఇళ్లలోని నీటి హీటర్లు డిమాండు తక్కువగా ఉన్న వేళ తమంతట తామే మొదలయ్యేవి. పొద్దున లేచేసరికి వేడినీళ్లు సిద్ధం. ఇంట్లో ఎవరూ మీట నొక్కనక్కర్లేదు.

1980లో అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు ఫ్రెడ్ ష్వెప్పే, ఆయన సహచరులు ఇంకో అడుగు ముందుకు వేశారు. అసలు సంకేతం పంపవలసిన అవసరమే లేదన్నారు. గ్రిడ్డు పరిస్థితి ప్రతి ప్లగ్గు దగ్గరా ముందే ఉంది. దాని పేరు ఫ్రీక్వెన్సీ. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఉత్పత్తి కంటే వాడకం పెరిగితే జనరేటర్లు నెమ్మదించి ఆ అంకె కొద్దిగా తగ్గుతుంది. వాడకం తగ్గితే పెరుగుతుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్డు మిగతా దేశపు గ్రిడ్డుతో ఏకమైన నాటి నుంచి విజయవాడలోని ఫ్రిజ్, జమ్మూలోని ఫ్రిజ్ ఒకే లయలో నడుస్తున్నాయి. ఫ్రిజ్‌లోనో హీటర్‌లోనో ఒక చిన్న సర్క్యూటు ఈ లయను గమనిస్తూ, ఫ్రీక్వెన్సీ పడిపోయిన క్షణాల్లో కాసేపు ఆగి, కోలుకున్నాక మళ్లీ నడిస్తే చాలు. కోట్ల ఇళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే గ్రిడ్డును నిలబెట్టగలవు.

పాతికేళ్ల తరువాత ఇది ఇళ్లలో పరీక్షకు వచ్చింది. 2006-07లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల 150 బట్టలారబెట్టే యంత్రాల్లో, 50 నీటి హీటర్లలో ఇలాంటి సర్క్యూట్లు అమర్చింది. అక్కడి గ్రిడ్డు లయ 60 హెర్ట్జ్. అది 59.95కు పడిపోగానే డ్రయర్‌లో వేడి పుట్టించే తీగ ఆగేది, డ్రమ్ము మాత్రం తిరుగుతూనే ఉండేది. ఆటంకం సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా ఉండేది, వాడుకునేవాళ్లకు దాదాపు తెలిసేదే కాదు. అదే కార్యక్రమంలో భాగంగా ఒలింపిక్ ద్వీపకల్పంలో 112 ఇళ్లలో కొన్నింటికి అయిదు నిమిషాలకోసారి మారే ధరను చూపి, పరికరాలే తమ వాడకాన్ని సర్దుకునేలా చేశారు. పాల్గొన్న ఇళ్ల బిల్లులు సగటున పది శాతం దాకా తగ్గాయి.

ఇప్పుడు వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకే భాషలో మాట్లాడుకునేందుకు మేటర్ అనే ప్రమాణం 2022లో వచ్చింది. ఏ పరికరం ఎంత కరెంటు వాడుతోందో తెలిపే ఏర్పాటు అందులో 2024లో చేరింది. నలభై ఏళ్ల క్రితం కాగితం మీదున్న ఆలోచనకు కావలసిన పనిముట్లు మెల్లగా చేతికందుతున్నాయి.

ధర చెప్పే పాఠం

మన రాష్ట్రాల్లో బిల్లు ప్రధానంగా స్లాబుల మీద నడుస్తుంది. తెలంగాణలో 2022-23లో నిర్ణయించిన గృహ ధరలు చూడండి. నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు యూనిట్ 3.40 రూపాయలు, రెండో వందకు 4.80. 200 యూనిట్లకు మొత్తం 820 రూపాయలు. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే లెక్క మారి, 200 దాకా 5.10 చొప్పున, ఆ పై వందకు 7.70 చొప్పున పడుతుంది. 201 యూనిట్లకు విద్యుత్ చార్జీ 1027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండొందల రూపాయల పైమాటే. ఏసీ, ఫ్యాను జోడీతో నెలకు మిగిలే పాతిక యూనిట్లు ఈ గట్టు దగ్గర ఉన్న కుటుంబానికి ఎంత విలువైనవో వేరే చెప్పనక్కర్లేదు.

స్లాబు ఎంత వాడామని అడుగుతుంది కానీ ఎప్పుడు వాడామని అడగదు. ఆ ప్రశ్నను కేంద్రం 2023 జూన్‌లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చాయి. వాటి ప్రకారం స్మార్ట్ మీటర్ ఉన్న వినియోగదారులకు సౌర వేళల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. రద్దీ వేళల్లో గృహాలకు కనీసం పది శాతం ఎక్కువ ఉండాలి. యూనిట్ మామూలు ధర 6 రూపాయలయితే పగలు 4.80, రద్దీ వేళ 6.60 అన్నమాట. వేళలను నిర్ణయించి అమలు చేయవలసినవి రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు.

స్మార్ట్ మీటరుతో ఒక జాగ్రత్త కూడా రావాలి. మొత్తం ఇంటి లోడు ఎగుడుదిగుళ్లను చూసి లోపల ఏ పరికరం ఎప్పుడు నడిచిందో కనిపెట్టవచ్చని ఎంఐటీలో జార్జ్ హార్ట్ 1980ల్లోనే చూపారు. ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉందో, ఎవరు ఎప్పుడు నిద్రలేచారో ఆ గీతల్లో చదవవచ్చు. ఆ సమాచారం ఇంటివాళ్లది. దాన్ని ఎవరు చూడవచ్చో, ఎంతకాలం ఉంచుకోవచ్చో స్పష్టంగా రాసి ఇవ్వడం విద్యుత్ పంపిణీ సంస్థల బాధ్యత.

ఎవరి చేత చేయించాలి

ఖరీదైన పరికరాలు లేకుండానే ఈ పొత్తును ఇవాళే మొదలుపెట్టవచ్చు. ఏసీ టైమరు, వాషింగ్ మెషీన్‌లోని ఆలస్యపు ప్రారంభం మీట చాలా ఇళ్లలో ఉన్నా వాడేవారు తక్కువ. ట్యాంకుకు నీటిమట్టం చూసి ఆగే మోటారు స్విచ్చి, గీజర్‌కు టైమరు, టీవీకీ సెట్‌టాప్ బాక్సుకూ కలిపి ఒకే స్విచ్చి పెడితే సగం పని అయినట్లే. ఆగగల పనులను పగటికి, ఆగలేని వాటిని వాటి వేళకు వదలాలి. ఏసీ వేసిన గదిలోకి వేడినీ ఆవిరినీ రానివ్వకూడదు. రెండు పెద్ద లోడులను ఒకేసారి వేయకూడదు. గుర్తుపెట్టుకోవలసిన సూత్రాలు ఈ మూడే.

దీన్ని ఇల్లాలి మీద మరో బరువుగా మాత్రం మోపకూడదు. పగటివేళ చౌక అన్న కారణంతో ఉద్యోగానికి వెళ్లే స్త్రీ మధ్యాహ్నం ఇంట్లో ఉండాలనడం, లేదా రద్దీ తప్పించుకోవడానికి తెల్లవారుజామున నాలుగింటికి లేచి గ్రైండర్ వేయమనడం ఆదా కాదు. అది ఒకరి నిద్రను ఇంకొకరి బిల్లులోకి మార్చడం. వంతులు గుర్తుపెట్టుకునే పని యంత్రాలకు అప్పగించాలి. గీజర్, మోటారు, ఫ్రిజ్, ఏసీ అన్నింటిలోనూ టైమరు, కరెంటు వచ్చాక ఒక్కొక్కటి ఒక్కో వ్యవధి ఆగి మొదలయ్యే ఏర్పాటు, ఫ్రీక్వెన్సీని గమనించే సర్క్యూటు మామూలు సదుపాయాలుగా రావాలి. స్టార్ లేబుల్ పరికరం ఎంత తక్కువ తింటుందో చెబుతున్నట్లే, ఎంతసేపు ఆగగలదో కూడా చెప్పాలి. ఏసీ లేని ఇంట్లో ఒక్క ఫ్యాను కింద పడుకునే కుటుంబానికి రాత్రి తొమ్మిదింటికి సరైన ఓల్టేజీ అందేది, ఏసీలున్న ఇళ్లు తమ లోడును సర్దుకున్నప్పుడే. తమ ఇంటి బిల్లు కోసమే కాకుండా వీధిలో అందరి కోసం కూడా ఆ ఇళ్లు ఈ పని చేయాలి.